విశ్వవిద్యాలయ క్లబ్బులో ఒకినావా కరాటే, కొబుదో నేర్చుకోవడం ఎలా

పై చదువుల కోసం విదేశీ విశ్వవిద్యాలయంలో చేరిన మన విద్యార్థి ఆ ప్రాంగణంలో గడిపేది సాధారణంగా రెండేళ్లు. కరాటే పుట్టిన ఒకినావా దీవుల్లో "హితో కటా సన్నెన్" అని ఒక పాత మాట ఉంది. ఒక్క కటాకు మూడేళ్లు అని దాని అర్థం. కటా అంటే దెబ్బలు, అడ్డుకోవడాలు, అడుగులు ఒక నిర్ణీత వరుసలో కూర్చి ఒంటరిగా చేసే సాధన. ఒకినావా నుంచి టోక్యోకు వెళ్లి ఈ విద్యను జపాన్ అంతటా పరిచయం చేసిన ఫునాకోషి గిచిన్, మూడు నైహాంచి కటాలు నేర్చుకోవడానికి తనకు పదేళ్లు పట్టిందని స్వయంగా రాసుకున్నారు. ఈ లెక్కకూ, రెండేళ్ల చదువుకూ పొత్తు కుదరదు. అందువల్ల క్లబ్బులో చేరే రోజునే మీరొక నిర్ణయానికి రావాలి. ఉన్న కాలంలో వీలైనన్ని కటాలు పోగుచేసుకుంటారా, లేక క్యాంపస్ విడిచిన తరువాత గురువు పక్కన లేకపోయినా కొనసాగించగలిగేటంత గట్టిగా కొద్దిపాటి విద్యను పట్టుకుంటారా? నేను రెండో దారిలో నడిచాను, ఇక్కడ చెప్పేదంతా ఆ దారిలో వెళ్లదలచినవారి కోసమే.

చేరే ముందు చూడవలసినవి

విశ్వవిద్యాలయాలకూ కరాటేకూ ఉన్న బంధం పాతది. ఫునాకోషి శిక్షణలో 1924లో టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో ఏర్పడిన క్లబ్బుతో అది మొదలైంది. ఆ తరువాతి దశాబ్దాల్లో పోటీ కరాటే రూపుదిద్దుకోవడంలో విద్యార్థి క్లబ్బుల పాత్ర చాలా పెద్దది. ఈ కారణంగానే ఈనాటికీ "కరాటే క్లబ్" అన్న బోర్డు కనిపించినంత మాత్రాన అక్కడ నేర్పేది ఒకినావా సంప్రదాయమని అనుకోవడానికి లేదు. అది జపాన్ ప్రధాన భూభాగంలో పెరిగిన షోటోకాన్ శాఖ కావచ్చు, పూర్తిగా పోటీల కోసం నడిచే శిక్షణ కావచ్చు. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, మీరు వెతుకుతున్నది వేరొకటి అని గుర్తించమంటున్నాను.

ఒకినావా సంప్రదాయంలో మీకు ఎక్కువగా ఎదురయ్యే శాఖలు మూడు. హిగాఒన్నా కన్‌ర్యో శిష్యుడైన మియాగి చోజున్ రూపొందించిన గోజు-ర్యు, ఇతోసు అంకో శిష్యుడైన చిబానా చోషిన్ పేరుపెట్టి నిలిపిన షోరిన్-ర్యు, చైనాలోని ఫుజియన్ ప్రాంతంలో నేర్చుకుని వచ్చిన ఉఏచి కన్బున్ నుంచి వచ్చిన ఉఏచి-ర్యు. షోరిన్-ర్యు అన్న పేరుతో మరికొన్ని ఉపశాఖలు కూడా ఉన్నాయి. శాఖను ఎంచుకోవడానికి మీరు ఎక్కువ శ్రమపడనక్కరలేదు, ఎందుకంటే మీ క్యాంపస్‌లో ఉన్నదే మీకు దొరుకుతుంది. శ్రమపడవలసింది ఆ క్లబ్బు నాణ్యతను అంచనా వేయడంలోనే.

సెమిస్టర్ మొదటి వారాల్లో క్లబ్బులన్నీ కొత్తవారిని చేర్చుకుంటాయి. చేరకముందు ఒక తరగతిని మొదటి నుంచి చివరి వరకు పక్కన కూర్చుని చూడడానికి అనుమతి అడగండి. ఒకినావా శిక్షణ అయితే కటా చేయించి వదిలిపెట్టరు. అందులోని ప్రతి కదలిక ఎదుటి మనిషి మీద ఎలా పనిచేస్తుందో జంటగా చేసి చూపిస్తారు. దీన్ని బుంకాయ్ అంటారు. నిలబడే భంగిమలు కొంత ఎత్తుగా, సహజంగా ఉంటాయి. చేయి చాపితే అందే దూరంలోనే ఎక్కువ సాధన జరుగుతుంది. గదిలో ఒక మూల కొన్ని మోటు పరికరాలు కనిపిస్తాయి. తరగతి ముగిశాక శిక్షకుణ్ణి మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. మీరు ఎవరి వద్ద నేర్చుకున్నారు? మీరు రానప్పుడు తరగతిని ఎవరు నడుపుతారు? కొబుదోను (ఒకినావా ఆయుధ విద్యను) కరాటేతో పాటే నేర్పుతారా, వేరుగానా? గురుపరంపర గురించిన ప్రశ్నకు నిజమైన శిక్షకుడు నొచ్చుకోడు. చాలామంది సంతోషంగా, కావలసినదానికంటే ఎక్కువే చెబుతారు. రెండో ప్రశ్న అంతకంటే ముఖ్యమైనది. విద్యార్థి క్లబ్బుల్లో సీనియర్లు రెండు మూడేళ్లకొకసారి వెళ్లిపోతూ ఉంటారు, వారితో పాటే నేర్పే సామర్థ్యమూ వెళ్లిపోతుంది. ఏళ్ల తరబడి అక్కడే ఉన్న పెద్ద ఒకరైనా ఉన్న క్లబ్బును, సభ్యులు తక్కువైనా సరే, ఎంచుకోండి.

మొదటి మూడు నెలలు

డోజో, అంటే సాధన చేసే చోటు, మర్యాదలు త్వరగానే అలవడతాయి. లోపలికి అడుగుపెట్టేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు వంగి నమస్కరించాలి. తరగతి మొదట్లో "ఒనెగైషిమస్", చివర "అరిగాతో గొజైమషిత" అంటారు. శిక్షకుణ్ణి సెన్సేయ్ అని, మీకంటే ముందు చేరినవారిని సెన్పాయ్ అని పిలుస్తారు. వయసులో మీకంటే చిన్నదైన డిగ్రీ విద్యార్థిని మీకు సెన్పాయ్ కావచ్చు, ఆమె చెప్పిన దిద్దుబాటును సెన్సేయ్ చెప్పినంత శ్రద్ధగానే స్వీకరించాలి. తెల్లని దుస్తులు వెంటనే కొనవలసిన అవసరం లేదు. మొదటి నెల ట్రాక్ ప్యాంటు, టీషర్టుతో రానిచ్చే క్లబ్బులే ఎక్కువ. రక్తపోటు, ఉబ్బసం, పాత మోకాలి గాయం వంటివేమైనా ఉంటే మాత్రం మొదటి రోజే శిక్షకుడికి చెప్పండి.

ఒకినావా శిక్షణలో బలం పెంచే సాధనకు "హోజో-ఉందో" అని పేరు. చీషి అంటే ఒక కొయ్య పిడి చివర సిమెంటు ముద్ద బిగించిన బరువు, దాన్ని మణికట్టుతో, భుజంతో తిప్పుతారు. నిగిరిగామే అంటే అంచును వేళ్ల కొనలతో పట్టి మోసే కూజాలు. మొదట ఖాళీగా పట్టుకుని నడవాలి, తరువాత కొద్దికొద్దిగా ఇసుక పోసుకుంటూ పోవాలి. మకివారా అంటే కొద్దిగా వెనక్కి వంగే పలకకు పైభాగంలో గడ్డి తాడో తోలో చుట్టి పిడికిలితో గుద్దే స్తంభం. ఇతోసు అంకో 1908లో పాఠశాలల్లో కరాటే గురించి రాసిన పది అంశాల లేఖలో మకివారాను వంద, రెండు వందల సార్లు గుద్దాలని చెప్పారు. ఆ సంఖ్యను చూసి మొదటి వారంలోనే అంత పనీ పెట్టుకోకండి. నేను రెండో వారంలో ఉత్సాహం ఆపుకోలేక ఎనభై గుద్దులు గుద్దాను, చర్మం చీరుకుపోయి పది రోజులు కలం పట్టడం కష్టమైంది. ప్రయోగశాల పరీక్ష ఆ మధ్యలోనే వచ్చింది. చేతికి పది చొప్పున, మణికట్టు నిటారుగా ఉంచి, చూపుడువేలు, మధ్యవేలు కణుపులు మాత్రమే తగిలేలా, నెమ్మదిగా మొదలుపెట్టండి. మకివారా నేర్పేది ముందు మణికట్టు, మోచెయ్యి, నడుము ఒక వరుసలోకి రావడాన్ని. కణుపులు గట్టిపడడం ఆ తరువాతి సంగతి.

జంటగా ముంజేతులు తాకించుకుంటూ చేసే కోతే కితాయ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కండ మీద కమిలిన మచ్చ రావడం మామూలే. ఎముకలో నొప్పి రెండో రోజుకూ తగ్గకపోతే ఆపి వైద్యులకు చూపించుకోవాలి.

ఒక్క కటాను ఎంచుకుని పట్టుకోవడం

మీ బెల్టు పరీక్షకు క్లబ్బు కొన్ని కటాలు నేర్పుతుంది. గోజు-ర్యులో అయితే 1940లో మియాగి కొత్తవారి కోసం కూర్చిన గెకిసాయ్, షోరిన్-ర్యులో అయితే ఇతోసు పాఠశాల పిల్లలను దృష్టిలో పెట్టుకుని రూపొందించిన పినాన్ వరుస ఉంటుంది. అవన్నీ క్రమంగా నేర్చుకోండి. వాటితో పాటు ఒక మూల కటాను మాత్రం ప్రతిరోజూ చేసేదిగా పెట్టుకోండి. గోజు-ర్యు, ఉఏచి-ర్యు వారికి అది సాంచిన్, షోరిన్-ర్యు వారికి నైహాంచి. ఈ సలహాకు ఒక ఆచరణాత్మక కారణం కూడా ఉంది. సాంచిన్‌కు ముందుకు మూడు నాలుగు అడుగులు వేసే చోటు చాలు, నైహాంచి మొత్తం ఒకే గీత మీద పక్కకు కదులుతూ సాగుతుంది. ఇద్దరు కలిసి ఉండే అద్దె గదిలో మంచానికీ బల్లకూ మధ్య రెండూ చేసుకోవచ్చు.

సాంచిన్‌ను ఈ క్రమంలో పట్టుకోండి. పాదాలు భుజాల వెడల్పున ఉంచి ఒక పాదాన్ని చంద్రవంకలా లోపలికి తెచ్చి ముందుకు వేయండి. ముందరి మడమ, వెనుక బొటనవేలు ఒకే అడ్డగీత మీద ఉండాలి. కాలివేళ్లు కొద్దిగా లోపలికి తిరగాలి, వాటితో నేలను పట్టుకున్నట్టు నిలబడాలి. మోకాళ్లు కొద్దిగా మడిచి, నడుము కింది భాగాన్ని ముందుకు చుట్టుకోవాలి. రెండు మోచేతులూ పక్కటెముకలకు పిడికెడు దూరంలో, పిడికిళ్లు భుజాల ఎత్తున ఉండాలి. భుజాలు పైకి లేవకూడదు. కొత్తవారిలో తొంభై పాళ్లు తప్పు అక్కడే జరుగుతుందని నా అనుభవం. ముక్కుతో గాలి పీల్చి, నోటితో వదులుతూ చేతిని చాపాలి. హిగాఒన్నా దీన్ని తెరిచిన అరచేతులతో నేర్పేవారని, పిడికిళ్లు బిగించి నెమ్మదిగా శ్వాసించే పద్ధతి మియాగిది అని గోజు-ర్యువారు చెబుతారు. ఉఏచి-ర్యులో నేటికీ అరచేతులు తెరిచే చేస్తారు. మీ శాఖ ఏ పద్ధతి అనుసరిస్తే అదే చేయండి, వీడియోలు చూసి రెంటినీ కలపకండి. ఎక్కడా శ్వాసను బిగబట్టకూడదు. కండరాలు బిగించి ఊపిరి ఆపితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది, తల తిరుగుతుంది. సెన్సేయ్ మీ భుజాలను, తొడలను అరచేతితో తట్టి చూస్తారు. అది శిక్ష కాదు, ఎక్కడ పట్టు వదులైందో మీకు తెలియజేసే పద్ధతి. ఇష్టం లేకపోతే తేలికగా తట్టమని చెప్పే హక్కు మీకుంది.

మూడు నాలుగు నెలలు గడిచాక మీ చెవిన మూడు ఒకినావా మాటలు పడతాయి. వాటిని నిఘంటువుతో కాక ఒంటితో అర్థం చేసుకోవాలి. గమకు అంటే నడుము పక్కభాగం. గుద్దు భుజం నుంచి కాక అక్కడి నుంచి కదలాలి. చింకుచి అంటే తాకే క్షణంలో మాత్రమే ఒళ్లంతా బిగుసుకుని వెంటనే వదులు కావడం. ముచిమి అంటే మెత్తగా కొట్టిన బియ్యపు ముద్దలా ఎదుటివాడి చేతికి అంటుకుని బరువుగా కదలడం. ఈ మూడో గుణం జంటగా చేతులు ఆనించి ముందుకూ వెనక్కూ నెట్టుకునే కకియే సాధనలోనే తెలుస్తుంది. కకియే చేసేటప్పుడు గెలవాలని చూడకండి. ఎదుటివారి బరువు ఏ క్షణంలో ఏ కాలి మీదికి మారుతోందో చేతితో కనిపెట్టడానికి ప్రయత్నించండి. నాకు ఈ విద్యలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

కొబుదోలోకి: మొదట బో

నిషేధం వల్ల ఆయుధాలు పోగొట్టుకున్న రైతులు తమ పనిముట్లనే ఆయుధాలుగా మలచుకున్నారన్న కథ మీరు మొదటి వారంలోనే వింటారు. కథ ఆకర్షణీయమే గానీ పూర్తి నిజం కాదు. ఈ విద్యను కాపాడినవారిలో ఒకినావాను పాలించిన పాత ర్యూక్యూ రాజ్యపు పెచిన్ తరగతి ఉద్యోగులు ఎందరో ఉన్నారు, సాయ్ అనే ఆయుధాన్ని అక్కడి రక్షకభటులే వాడేవారు. అలాగని పనివాళ్ల చేతి వస్తువులు ఇందులో లేవనీ కాదు. పడవ తెడ్డు ఎకుతో చేసే త్సుకెన్ దీవి కటాలో తెడ్డు కొనతో ఇసుకను ఎదుటివాడి కళ్లలోకి చిమ్మే కదలిక ఈనాటికీ ఉంది. 20వ శతాబ్దంలో ఈ కటాలు చెదిరిపోకుండా తైరా షింకెన్ ఊరూరా తిరిగి సేకరించారు. మతయోషి షింకో, ఆయన కుమారుడు షింపో మరో పెద్ద సంప్రదాయాన్ని నిలబెట్టారు. మీ క్లబ్బు ఈ రెంటిలో దేనికి చెందిందో తెలుసుకోండి. ఒకే పేరున్న కటా రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటుంది.

ఆరు నెలలైనా ఒట్టి చేతుల సాధన జరగనిదే ఆయుధం పట్టవద్దు. బో అంటే ఆరు షాకుల పొడవున్న, అంటే దాదాపు 182 సెంటీమీటర్ల ఓక్ కర్ర. తీసుకున్న ప్రతిసారీ అరచేతితో నిలువునా తడిమి పగుళ్లు, లేచిన పేళ్లు ఉన్నాయేమో చూడాలి. చుట్టూ మూడు మీటర్ల మేర ఎవరూ లేరని నిర్ధారించుకోవాలి. కర్రను మూడు సమభాగాలుగా ఊహించుకుని ఆ గుర్తుల వద్ద రెండు చేతులూ ఉంచండి. ముందరి చేతికి దిశ చూపడం పని, కొనకు వేగమిచ్చేది నడుమూ వెనుక చేయీ. పైనుంచి కొట్టే దెబ్బ ఎదుటివారి తల ఎత్తున గాలిలో చప్పున ఆగాలి, వెనుక చివర మీ చంక కిందికి చేరాలి. కర్రసాము నేర్చినవారికి మణికట్టు తిప్పుళ్లు, భయం లేని పట్టు ముందే ఉంటాయి, అది పెద్ద ఆస్తి. అయితే కర్రసాములోని ఎడతెగని తిప్పుడుకు అలవాటుపడిన చేతులు బో దెబ్బ చివర ఆగడానికి మొరాయిస్తాయి. అందుచేత వారు ఒక్కొక్క దెబ్బనూ విడివిడిగా, ఆపి ఆపి సాధన చేయాలి. రోజుకు ఒకే దెబ్బ యాభై సార్లు, ఇరవై అయిదు కుడివైపు, ఇరవై అయిదు ఎడమవైపు చేయండి. షుషి నో కున్ వంటి కటా మొదలయ్యేసరికి ఎడమవైపు బలహీనత లేకపోతే మీ పని సగం అయినట్టే.

బోకు వార్నిషు ఉంటే సన్నని ఉప్పుకాగితంతో తీసివేసి అవిసె నూనె పట్టించండి, చెమట పట్టినా చేయి జారదు. గోడకు ఏటవాలుగా ఆనించి వదిలేస్తే వంగిపోతుంది, అడ్డంగా పెట్టండి.

సాయ్, మిగిలిన ఆయుధాలు, చట్టం

రెండో ఏడాదిలో సాయ్ తీసుకోవచ్చు. మూడు మొనల ఈ ఇనుప ఆయుధాన్ని జతగా వాడతారు, కొన్ని కటాల్లో మూడోదాన్ని నడుముకు దోపుకుంటారు. కొనేముందు ముంజేతికి ఆనించి కొలవండి: కొన మోచేతిని దాటి ఒక అంగుళం బయటికి రావాలి. అంతకంటే పొట్టిదైతే అడ్డుకున్నప్పుడు దెబ్బ మోచేతికి తగులుతుంది. తిప్పడం మణికట్టు పని, బొటనవేలు మధ్య కూడలి మీద నిలకడగా ఉండాలి. మొదటి నెలలో అవి చేతి నుంచి జారి పడుతూనే ఉంటాయి కాబట్టి బూట్లు వేసుకుని, మెత్తని చాప మీద సాధన చేయడం మేలు. పక్కపిడి ఉన్న కొయ్య ఆయుధమైన తోన్ఫా కూడా సాయ్ లాగే ముంజేతి కొలత ప్రకారం ఎంచుకునేదే. కొడవళ్లయిన కామాను రెండేళ్లలో అందుకోవాలని తొందరపడవద్దు. అందుకున్నా పదును లేని కొయ్యవాటితోనే చేయండి.

చట్టం సంగతి నిర్లక్ష్యం చేయకూడదు. విద్యార్థి వీసా మీద ఉన్నవారికి పోలీసు కేసు చిన్న విషయం కాదు. కెనడాలో నున్‌చాకు (తాడుతోనో గొలుసుతోనో కలిపిన రెండు పొట్టి కర్రలు) నిషేధిత ఆయుధం, జర్మనీలోనూ అంతే. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో 1974 నుంచి ఉన్న నిషేధాన్ని 2018 డిసెంబరులో ఫెడరల్ న్యాయస్థానం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. చట్టం అనుమతించినా హాస్టల్ నియమాలు అనుమతించకపోవచ్చు. కాబట్టి ఆయుధాలను క్లబ్బు అల్మారాలోనే ఉంచండి. బయటికి తీసుకువెళ్లవలసి వస్తే పూర్తిగా మూసిన సంచిలో పెట్టి, సాధన స్థలానికి నేరుగా వెళ్లి నేరుగా రండి. ఆరుబయట పచ్చికలో బో తిప్పాలంటే ముందుగా క్లబ్బు ద్వారా క్యాంపస్ భద్రతా విభాగానికి తెలియజేయండి. దూరం నుంచి చూసేవారికి అది సాధనలా కనిపించదు.

నోటుపుస్తకం, సెలవులు

వారానికి రెండు మూడు తరగతుల్లో విన్న దిద్దుబాట్లు ఇంటికి చేరేసరికి సగం మరిచిపోతాము. అదే రాత్రి, తెలుగులోనే, పొట్టి వాక్యాల్లో రాసుకోండి. "ఎడమ భుజం లేస్తోంది." "తిరిగేటప్పుడు చూపు ముందు, కాలు తరువాత." తల్లిభాషలో రాసుకున్న మాట ఒంటికి త్వరగా పడుతుందని నేను గట్టిగా నమ్ముతాను. కటా నడిచే గీతను బొమ్మగా గీసి, ప్రతి మలుపు పక్కనా బుంకాయ్ రాయండి. పరీక్షల వారాల్లో తరగతులు మానవలసి వచ్చినా పదిహేను నిమిషాల సాంచిన్ లేదా నైహాంచి మానకండి. చలికాలపు సెలవుల్లో క్యాంపస్ ఖాళీ అయినప్పుడు కొత్త కటాల వీడియోలు వెతికే కోరిక కలుగుతుంది. ఆ నెలంతా నోటుపుస్తకంలోని పాత దిద్దుబాట్లను ఒక్కొక్కటిగా సరిచేసుకుంటే, జనవరిలో తిరిగి వెళ్లేసరికి సెన్సేయ్‌కు తేడా తెలుస్తుంది.

క్యాంపస్ విడిచే ముందు

చివరి సెమిస్టర్‌లో కొత్తది ఏదీ అడగకండి. మీ మూల కటాను, ఒక బో కటాను నెమ్మదిగా చూసి తప్పులు చెప్పమని సెన్సేయ్‌ను కోరండి, ఆయన అనుమతితో వాటిని వీడియో తీసుకోండి. మీ గురుపరంపర వివరాలు, మీరు పొందిన కియు (నల్ల బెల్టుకు ముందరి స్థాయి) లేదా డాన్ (నల్ల బెల్టు స్థాయి) ధ్రువపత్రాల నకళ్లు భద్రపరచుకోండి. ఉద్యోగానికి వెళ్లే ఊరిలో అదే పరంపరకు చెందిన డోజో ఉందేమో అడిగి, ఉంటే పరిచయ లేఖ తీసుకోండి. హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాలకు తిరిగి వస్తే అక్కడ గోజు-ర్యు, షోరిన్-ర్యు పేర్లతో నడిచే బడులు కనిపిస్తాయి. మొదట్లో అడిగిన ఆ మూడు ప్రశ్నలనే అక్కడా అడగండి. కొత్తచోట తెల్ల బెల్టుతో మొదటి వరుసలో నిలబడమంటే నిలబడండి.

సాయ్ జతను విమానంలో చెక్-ఇన్ సామానులో మాత్రమే పెట్టాలి, చేతి సంచిలో కుదరదు. బో అయితే మామూలు సామాను కొలతలకు లోబడదు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదని విమాన సంస్థలు అంటాయి, ఆ కర్ర పొడవే అంతకంటే ఎక్కువ. దాన్ని వెంట తీసుకురావడానికి అదనపు రుసుము కట్టే బదులు, చివరి తరగతికి ముందు రోజు మరొకసారి ఉప్పుకాగితంతో రుద్ది, నూనె పట్టించి, ఆ ఏడాది కొత్తగా చేరినవారిలో బో లేని ఒకరికి ఇచ్చి రండి.